ఇంజను ఆపకుండా చేసిన ప్రార్థన

ఈ విషయం మీద మా బావకి ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగోది రిజిస్టరు పోస్టులో పంపాను కాబట్టి అందలేదనడానికి వీల్లేదు. వాళ్ళింట్లో ఎవరో సంతకం పెట్టిన కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. పోయిన నెల నేనే మంగళగిరిలో బస్సెక్కి గవర్నర్‌పేటలో దిగి, వాళ్ళ మూడంతస్తుల మెట్లూ ఈ మోకాళ్ళతో ఎక్కి తలుపు కొట్టాను. "మామయ్యగారు ఇప్పుడే పడుకున్నారండీ" అంది కోడలు. పొద్దున పదకొండు గంటలకి. లోపల గదిలో టీవీ వార్తలు వినబడుతున్నాయి, మధ్యలో బావ దగ్గు కూడా వినబడింది. ఆ దగ్గు నాకు యాభై ఏళ్ళుగా తెలుసు. మంచినీళ్ళు తాగి, గ్లాసు ఆ అమ్మాయి చేతికిచ్చి దిగి వచ్చేశాను. అతను వినకపోతే మానె, వినేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారని ఇది రాస్తున్నాను.

సంగతేమిటంటే, మా మామయ్య పుట్టి నూరేళ్ళయిందని ఆయన కొడుకు, అంటే ఈ బావే, ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. మామయ్య అంటే మా అమ్మకి అన్నగారు. పాస్టరుగా పనిచేశారు. అట్ట మీద ఆయన ఫొటో బాగానే ఉంది. లోపల ఆయన చదువు, పెళ్ళి, కట్టించిన ప్రార్థనా మందిరాలు అన్నీ ఉన్నాయి. పంతొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది: "అనుభవం లేని చేతుల్లో పడి కారు ఇంజను పాడైపోవడంతో నాన్నగారి పల్లెల సేవ అర్ధాంతరంగా ముగిసిపోయింది." ఆ అనుభవం లేని చేతులు నావి. పేరు వెయ్యలేదు. వేసినా బాగుండేది, కనీసం నేనూ ఆ ఇంట్లో నాలుగు నెలలు పనిచేశానని చదివేవాళ్ళకి తెలిసేది.

ఆ కారు మిషను బంగళాలో ఉండే దొరగారిది. నల్లది, చిన్నది, నాలుగు సిలిండర్లది, ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది. ఆయన తన దేశం వెళ్ళిపోతూ మామయ్యకి ఇచ్చేశారు. అప్పటికే దాని వయసు మా బావ వయసంత ఉంటుంది. మామయ్య కాపురం భవానీపురంలో, ఆయన చూసుకునే సంఘాలు మాత్రం కంకిపాడు అవతల కాలవగట్ల మీద ఏడు పల్లెల్లో. వారానికి మూడు రోజులు ఆ కారులో తిరిగేవారు. అది పెట్రోలుతో పాటు ఇంజను ఆయిలు కూడా తాగేది. వెనక వచ్చే పొగకి గట్టు మీద గేదెలు కనబడేవి కావు. ఏడు పల్లెల్లోనూ మందిరం గంట కొట్టక్కర్లేకుండా, దూరంగా పొగ లేస్తే చాలు, అయ్యగారు వస్తున్నారని ఆడవాళ్ళు చాపలు పరిచేవాళ్ళు. అలాంటిది డెబ్బైల మధ్యలో ఒక వేసవిలో, కాలవలు కట్టేసిన రోజుల్లో, గట్టు మీదే ఆగిపోయింది. ఎడ్లు కట్టి లాక్కొచ్చారు. ఆ తర్వాత మామయ్య బస్సు దిగి అద్దె సైకిలు తొక్కుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టారు. అప్పటికే ఆయనకి మోకాళ్ళు వాచి ఉండేవి. రెండు నెలలకి పై సంఘం పెద్దలు వచ్చి మర్యాదగానే చెప్పారు. మందిరాల్లో చేసే కోతల పండగ లోపల కారు బాగుపడితే పల్లెలు మీవే, లేకపోతే ఆ పల్లెలకి చిన్న వయసు పాస్టరుని వేసి మిమ్మల్ని ఆఫీసులో కూర్చోబెడతాం అన్నారు. మామయ్య సరేనన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదని అత్తయ్య మా అమ్మతో చెప్పింది.

నేనప్పుడు రైసు మిల్లులో ఫిట్టర్ని. మిల్లుల్లో ఉండే పెద్ద ఆయిలింజన్లు విప్పడం, బిగించడం నా పని. మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని భవానీపురం తీసుకెళ్ళింది. అక్కడ సంఘ పెద్ద ఒకాయన, ఖద్దరు చొక్కా, వెండి గొలుసు గడియారం, నన్ను పైనుంచి కింది దాకా చూసి మామయ్యతో, "వడ్లు ఆడించే ఇంజన్లు చూసేవాడికి కారేం తెలుస్తుందండీ అయ్యగారూ" అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. నేను ఆయన్ని ఇంకా క్షమించలేదు. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళయింది. మామయ్య మాత్రం, "మా చెల్లెలి కొడుకండీ, వాడికి ఓపిక జాస్తి" అన్నారు. పనితనం అనలేదు, ఓపిక అన్నారు. అది కూడా నాకు గుర్తుంది.

మిల్లు నుంచి గొలుసు కప్పీ అడిగి తెచ్చాను. సరుగుడు బాదులు మూడు కలిపి కట్టి, వాకిట్లో నిలబెట్టి, ఇంజన్ని పైకి లేపి అరుగు మీదికి దించాను. ఆదివారాలు ప్రార్థనకి పోతే మిగిలిన పూట, మామూలు రోజుల్లో మిల్లు దిగాక చీకటి పడేదాకా, అదే పని. విప్పిన ముక్కలు పెట్టుకోవడానికి అత్తయ్య చేటలు రెండు ఇచ్చింది. అవి చాలక నేను అడక్కుండా తీసుకున్న జాడీలో బోల్టులు, నట్లు వేసి కిరసనాయిలు పోశాను. అది ఉసిరికాయ పచ్చడి జాడీ అని నాకు తెలియదు. అత్తయ్య పెద్దగా ఏమీ అనలేదు. ఆ ఏడు చివరిదాకా ఎవరు భోజనానికి వచ్చినా, "ఈసారి పచ్చడి పెట్టలేదండీ, మా మేనల్లుడు జాడీ తీసుకున్నాడు" అని మాత్రం చెబుతూ వచ్చింది. కిరసనాయిలు రేషను, ఇంట్లో పొయ్యికే చాలేది కాదు. దానికీ నేనే కారణం. అరుగు మీద కూర్చుంటే కృష్ణ మీంచి తేమ వేడి కొట్టేది. ఆ వేడిలో పిస్టన్లకి అంటుకున్న బొగ్గు గీకుతుంటే మామయ్య పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో ముక్కా చూపించి ఇది దేనికిరా, ఇది దేనికిరా అని అడిగేవారు. చెబితే శ్రద్ధగా తలూపేవారు. మర్నాడు మళ్ళీ అదే ముక్క గురించి అడిగేవారు.

లోపల చూస్తే ఏమీ మిగల్లేదు. సిలిండర్లు అరిగి కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. పిస్టన్ల రింగులు వేలితో నొక్కితే విరిగాయి. పిస్టన్లు తిప్పే క్రాంకు షాఫ్టు గీతలు పడి ఉంది. అన్నీ రిక్షాలో వేసుకుని ఆటోనగర్ తీసుకెళ్ళాను. అక్కడ లేతు మాస్టారు ఒక సాయిబుగారు, తెల్ల గడ్డం, చెవిలో పెన్సిలు. ఆయన షాఫ్టుని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టీ తెప్పించాడు. టీ తెప్పించాడంటే విషయం బాగా లేదని నాకు అప్పుడే అర్థమైంది. "చూడు బాబూ, దీన్ని ఇంకొక్కసారి సాన పట్టొచ్చు. ఆ తర్వాత పట్టడానికి ఇనుము ఉండదు. నాలుగేళ్ళు నడవాలంటే నా వల్ల కాదు. నాలుగు నెలలు చాలంటే చేసిస్తా" అన్నాడు. నాలుగు నెలలు చాలన్నాను. కోతల పండగకి పెద్దలు వచ్చి చూసేదాకా నడిస్తే మామయ్య పల్లెలు మామయ్యకి ఉంటాయి, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాను. పిస్టన్లు ఆ కారువి దొరకలేదు. వేరే బండివి తెచ్చి కోసి చిన్నవి చేశాడు. రింగులు మద్రాసు నుంచి రావడానికి నెలా పదిరోజులు పట్టింది. ఇవన్నీ పుస్తకంలో లేవు.

షాఫ్టు కూర్చుని తిరిగే బేరింగుల పని మాత్రం నాది. తెల్ల లోహం పోసిన బేరింగులని చేత్తో గీకి సరిచెయ్యాలి. షాఫ్టుకి దీపం మసి నూనెలో కలిపి రాసి, బేరింగు బిగించి ఒక చుట్టు తిప్పి విప్పితే, ఎక్కడ ఒత్తుకుంటుందో అక్కడ నల్లగా అంటుతుంది. ఆ నలుపుని గోటితో తీసినంత పల్చగా గీకాలి. మళ్ళీ బిగించాలి, తిప్పాలి, విప్పాలి. ఒక్కోదానికీ యాభైసార్లు. మొదటి రెండూ, నాలుగోదీ అనుకున్నట్టే వచ్చాయి. మూడోది రాలేదు. ఒకరోజు బిగువు, మర్నాడు వదులు. ఎక్కువ గీకేశానని తెలిసింది. మళ్ళీ లోహం పోయించాలంటే ఇంకో మూడు వారాలు. అంత టైము లేదు. అలాంటప్పుడు మిల్లుల్లో మేము చేసే పని ఒకటుంది: వదులు పోయేలా బేరింగు వెనక సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితం మడిచి పెట్టి బిగిస్తాం. తప్పేం కాదు, ఎన్నో ఇంజన్లు అలా ఏళ్ళ తరబడి నడిచాయి. కానీ పాస్టరుగారి ఇంట్లో సిగరెట్టు పెట్టె ఎక్కడ దొరుకుతుంది? బావ దగ్గర దొరికింది. అతను స్నానాల గది వెనక రోజూ రెండు కాల్చేవాడు, ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఏరా, నాన్నకి చెప్పవుగా?" అని తగరం చింపి ఇచ్చాడు. చెప్పలేదు. యాభై ఏళ్ళు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. అతను నా గురించి అచ్చు వేసినప్పుడు నేను మాత్రం ఎందుకు ఊరుకోవాలి.

అన్నీ బిగించేసరికి అక్టోబరు నెలాఖరు. ఇంజన్ని చల్లార్చే రేడియేటరు ఒక్కటి మిగిలిపోయింది. కాలవ నీళ్ళు పోసీ పోసీ అందులో సగం గొట్టాలు సున్నం పట్టి పూడుకుపోయాయి. దాన్ని విప్పి కడిగించాలి. కానీ పెద్దలు శనివారం పొద్దున వస్తున్నామని కబురు చేశారు. మామయ్య కాదనలేకపోయారు. నేను అందరికీ విడివిడిగా, కలిపీ చెప్పాను: కొత్తగా బిగించిన ఇంజను బిగువుగా ఉండి త్వరగా వేడెక్కుతుంది, మొదటిసారి ఐదు నిమిషాలు నడిపి ఆపాలి, చల్లారనివ్వాలి, నీళ్ళు చూడాలి, మళ్ళీ నడపాలి. ఐదు నిమిషాలకైతే ఈ రేడియేటరు చాలు. మామయ్యకి చెప్పాను, బావకి చెప్పాను, అత్తయ్యకి కూడా చెప్పాను. "ఐదు నిమిషాలేగా, సరేరా" అన్నారు మామయ్య.

ఆ శనివారం పెద్దలు ముగ్గురు వచ్చారు. వెండి గొలుసాయనా ఉన్నాడు. ఏడు పల్లెల నుంచీ పాతిక మంది దాకా వచ్చి ఉంటారు. బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు, అతనికే డ్రైవింగు వచ్చు. హ్యాండిలు తిప్పితే ఇంజను కదల్లేదు. ఎనిమిది మంది వెనక నుంచి తోశారు. రెండుసార్లు వీధి చివరిదాకా తోసి తెచ్చారు. వెండి గొలుసాయన గడియారం తీసి చూసుకున్నాడు. మూడోసారి, మామయ్య వాకిలి ముందుకి వచ్చేసరికి, దగ్గి, కుదిపి, అంటుకుంది. నేను చెవి పెట్టి విన్నాను. బాగుంది. ఆ శబ్దం ఇప్పటికీ నాకు వినబడుతుంది, పొగ కూడా లేదు. మామయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దల్లో ఒకాయన నవ్వి, "అయ్యగారూ, అయితే కోతల పండక్కి పల్లెల్లో మీరే" అన్నాడు. ఆ మాట నేను విన్నాను, అందరూ విన్నారు. ఆ మాట ఇచ్చాకే మామయ్య ప్రార్థన చేద్దామన్నారు.

నేను దగ్గరికి వెళ్ళి మెల్లిగా, "ఆపేసి చేద్దాం మామయ్యా" అన్నాను. అత్తయ్య వెంటనే అడ్డం పడింది. ఆపితే మళ్ళీ అంటుకోకపోతే పెద్దల ముందు పరువు పోతుందని ఆవిడ భయం. ఆ భయం నాకూ లేకపోలేదు. మామయ్య ఇంకో కారణం చెప్పారు. "నడుస్తున్నదాన్నే దేవుడి చేతిలో పెడదాంరా. ఆగినదాన్ని పెట్టడమేంటి?" అని చెప్పి కళ్ళు మూసుకున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళు ముసుగులు వేసుకున్నారు.

మామయ్య ప్రార్థనకి ఒక పద్ధతి ఉంది. ముందు స్తోత్రాలు, తర్వాత దొరగారి కుటుంబం, తర్వాత ఏడు పల్లెలు వరసగా. పడమర నుంచి తూర్పుకి, తను కారులో వెళ్ళే వరసలోనే. ఒక్కో పల్లెలో ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి పిల్ల పురిటికి వచ్చింది, ఎవరి చేలో దోమ పడింది, ఎవరి గేదె పాలివ్వడం మానేసింది, పేరుపేరునా దేవుడికి చెప్పేవారు. ఆ పల్లెవాళ్ళు అక్కడే ఉన్నారు కాబట్టి ఎవర్నీ వదలడానికి వీల్లేదు. మొదటి పల్లె అయ్యేసరికే నా లెక్క ప్రకారం ఐదు నిమిషాలు దాటాయి. నేను కళ్ళు తెరిచాను. మా ఇళ్ళల్లో ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవడమే తప్పు, కదలడం ఇంకా తప్పు, మాట్లాడటమైతే ఊహించలేం. చిన్నప్పుడు ప్రార్థన జరుగుతుండగా కుక్క వచ్చి కూర గిన్నె లాక్కుపోతుంటే అరిచినందుకు మా అమ్మ నన్ను కొట్టింది. రెండో పల్లె అయింది. మూడో పల్లెలో ముసలమ్మల జాబితా పెద్దది. నాలుగో పల్లె మొదలయ్యేసరికి రేడియేటరు మూత దగ్గర ఆవిరి కనబడింది. "మామయ్యా" అన్నాను, గట్టిగానే. పక్కనున్న వెండి గొలుసాయన నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. కళ్ళు మూసుకునే నొక్కాడు.

కారు నాకు పది అడుగుల దూరం. వెళ్ళి తాళం తిప్పేయొచ్చు. వెళ్ళలేదు. అది నా తప్పే, కాదనను. కానీ లోపల బావ ఉన్నాడు. అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. అద్దంలోంచి చూశాను. అతను ముందు ఇంజన్లో నూనె ఒత్తిడి చూపించే ముల్లు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. తాళం అతని చెయ్యి పక్కనే ఉంది. నేను ఆపమని చెయ్యి ఊపాను. అతను తండ్రి వైపు చూశాడు. అంతే, తల దించుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఐదో పల్లె మధ్యలో ఇంజను బిగుసుకుపోయింది. పేలలేదు, ఏదీ విరగలేదు. ఒక్క కుదుపు, అంతే. ఆ నిశ్శబ్దంలో మామయ్య గొంతు ఒక్కటే మిగిలింది. ఆయన ఆపలేదు. ఐదో పల్లె పూర్తిచేశారు, ఆరు, ఏడు కూడా పూర్తిచేసి ఆమెన్ అన్నారు. కళ్ళు తెరిచి, ఆవిరి చూసి, "ఎవర్రా ఆపింది?" అన్నారు. హ్యాండిలు పెట్టి నేనూ బావా కలిసి వేలాడినా క్రాంకు వెంట్రుకవాసి తిరగలేదు. వెండి గొలుసాయన చెప్పులు వేసుకుంటూ, "నేను మొదటే చెప్పాను, వడ్ల ఇంజన్లోడని" అన్నాడు. ఆ మాట ఆ రోజే ఏడు పల్లెలకీ పోయింది.

మర్నాడు నేను మళ్ళీ బాదులు కట్టడానికి వెళ్ళాను. రెండు రోజుల్లో విప్పి చూస్తాను, పిస్టన్లు పట్టేస్తే వేడి వల్ల, మూడో బేరింగు పట్టేస్తే నా వల్ల, ఏదో ఒకటి తేలిపోతుంది అన్నాను. మామయ్య అరుగు మీద కూర్చుని చాలాసేపు కారు వైపు చూశారు. "వద్దురా అబ్బాయ్, విప్పొద్దు. విప్పితే ఎవరో ఒకరి తప్పని తేలుద్ది. అది నాదైనా కష్టమే, నీదైనా కష్టమే" అన్నారు. ఆయన నా మీద దయతోనే అలా అన్నారు. నాకు మాత్రం అది శిక్ష అయింది. విప్పని ఇంజనుతోనే కారుని పాత ఇనుము సాయిబు తీసుకెళ్ళాడు. కోతల పండక్కి పల్లెలకి కొత్త పాస్టరుగారు మోటారు సైకిలు మీద వెళ్ళాడు. మామయ్య ఆఫీసులో బాప్తిస్మాల రిజిస్టర్లు రాస్తూ కూర్చున్నారు. పల్లెవాళ్ళెవరైనా ఊళ్ళోకి వస్తే బల్ల దగ్గరే నిలబెట్టి, ఎవరి చేలో దోమ పోయిందో, ఎవరి గేదె పాలిస్తుందో అడిగి తెలుసుకునేవారు. నాలుగేళ్ళకి పోయారు. సమాధి దగ్గర నేను పెట్టె పట్టుకోవడానికి ముందుకు వెళితే, నాకంటే ముందు ఇంకెవరో పట్టుకున్నారు. ఎవరో నాకు తెలుసు, పేరు రాయను.

నేను ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో లెక్కలేనన్ని ఇంజన్లు విప్పాను. ఒక్కదానిలోనూ మళ్ళీ తగరం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో బావకి తెలుసు. అతను పుస్తకంలో రాసింది నిజమే కావచ్చు. నేను నాలుగు ఉత్తరాల్లోనూ అది అబద్ధమని రాయలేదు, ఎలా తెలిసిందని మాత్రమే అడిగాను. ఆవిరి నాలుగో పల్లె దగ్గర వచ్చింది, అది నేను కళ్ళారా చూశాను. బేరింగు చెడితే ముందు నూనె ఒత్తిడి పడిపోతుంది, వేడి వల్లయితే ముందు ఆవిరి వస్తుంది. నూనె ముల్లు మాత్రం నేను నిలబడ్డ చోటికి కనబడదు. అది చూసినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ముల్లు ఆవిరి కంటే ముందే పడిపోయి ఉంటే, తప్పు నా మూడో బేరింగుది. మామయ్య పల్లెలు పోగొట్టింది నేనే, తలవంచి ఒప్పుకుంటాను. ఆవిరి వచ్చాక పడి ఉంటే, ఆ వాక్యం కొట్టేసి పుస్తకం మళ్ళీ అచ్చు వెయ్యమని కూడా నేను అడగను.

బావా, నీ కోడలిని అబద్ధాలాడించకు. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ముల్లు పడినప్పుడు మామయ్య ఏ పల్లె కోసం ప్రార్థన చేస్తున్నారో, ఆ పల్లె పేరు ఒక్కటి కార్డు మీద రాసి పంపు. నీకు డెబ్బై ఐదు దాటాయి, నేను ఆ దగ్గర్లోనే ఉన్నాను. ఆ రోజు వాకిట్లో ఇరవై నిమిషాలు ఎంతకీ గడవలేదు, యాభై ఏళ్ళు మాత్రం ఎప్పుడు గడిచాయో తెలియలేదు. ఇక మనకి మిగిలిన కాలంలో ఆ ఒక్క పేరు రాయడానికి పట్టేంత తీరిక నీకు ఉందా లేదా, అదైనా చెప్పు.